భూమి కింద గుహ ఉందా? సింక్‌హోల్ పడే చోటు మ్యాప్‌లో తెలుస్తుందా? ఫోన్‌లోనే ఇలా చూడొచ్చు!

2015 చివర్లో కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో ఏం జరిగిందో గుర్తుందా? భారీ వర్షాలు పడ్డాక పొలాల్లో, ఊళ్ల పక్కన నేల ఉన్నట్టుండి గుండ్రంగా కుంగిపోయింది. పైన చూస్తే మామూలు మట్టి, కిందేమో ఖాళీ. ఇలాంటి చోట్లను ముందే పసిగట్టొచ్చా అంటే, కొంతవరకు పసిగట్టొచ్చు. అందుకు కావాల్సిన మ్యాపులు చాలావరకు ఫ్రీగానే దొరుకుతాయి.

ముందు కింద ఏ రాయి ఉందో చూడాలి

గుహలు, సింక్‌హోల్స్ ఎక్కడపడితే అక్కడ రావు. ఎక్కువగా సున్నపురాయి ఉన్న చోటే వస్తాయి. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. అది రాతి పగుళ్లలోకి దిగి వేల, లక్షల ఏళ్లలో రాయిని కరిగించేస్తుంది. మన దగ్గర నంద్యాల, కర్నూలు, కడప జిల్లాల్లో ఈ రాయి బాగా ఉంది. హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్, అది ఇలా కరగదు. నగరంలో రోడ్డు కుంగితే చాలాసార్లు కారణం కింద పగిలిన పైపులైనే!

ఏ ఊరి కింద ఏ రాయి ఉందో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి 'భూకోశ్' పోర్టల్‌లో కనిపిస్తుంది. వెతుకులాట అక్కడే మొదలుపెట్టాలి. నేరుగా గూగుల్ ఎర్త్ తెరిస్తే ప్రతి గుంతా గుహలాగే అనిపిస్తుంది.

వాగు ఎక్కడ మాయమైంది?

తర్వాత సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్. 1:50,000 స్కేల్ షీట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వీటిలో రెండు విషయాలు చూడండి. ఒకటి, వాగు గీత. మామూలుగా వాగు వెళ్లి ఇంకో వాగులోనో చెరువులోనో కలవాలి. మధ్యలోనే టక్కున ఆగిపోతే నీరు భూమిలోకి దిగిపోతోందేమో అని అనుమానించాలి. రెండోది, లోపలి వైపు చిన్న చిన్న పళ్లలాంటి గీతలున్న కాంటూరు. అంటే అక్కడ నేల చుట్టూ ఎత్తుగా ఉండి మధ్యలో పల్లంగా ఉందని అర్థం. మైదాన ప్రాంతంలో నీరు బయటికి పోయే దారి లేని పల్లం కనిపిస్తే మార్క్ చేసి పెట్టుకోండి.

శాటిలైట్ ఫొటోలో మన కళ్లే మోసం చేస్తాయి

ఇస్రో 'భువన్', గూగుల్ ఎర్త్ రెండూ పనికొస్తాయి. గుండ్రటి నల్ల మచ్చలు, ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే గుండ్రటి చెట్ల గుంపు, ఒకే వరసలో ఉన్న గుంతలు... ఇవీ గుర్తులు. వరసలో ఉంటే కింద పగులు ఉండొచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు కూడా ఉంటాయి. మే నెలదీ, నవంబర్‌దీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఫొటోలో గుంత ఒక్కోసారి గుట్టలా కనిపిస్తుంది! వెలుగు పై నుంచి పడుతుందని మన మెదడుకు అలవాటు. శాటిలైట్ ఫొటోలో మన దగ్గర సూర్యుడు ఎక్కువగా తూర్పు, ఆగ్నేయం వైపు, అంటే స్క్రీన్ కింది వైపు ఉంటాడు. ఫోన్‌ను తలకిందులుగా తిప్పి చూస్తే గుంత గుంతలా కనిపిస్తుంది. నీడ సూర్యుడి వైపు అంచున, లోపల ఉంటే గుంత. అవతలి వైపు బయట పడితే గుట్ట.

ఈ స్టోరీ కోసం మేమూ కొలిమిగుండ్ల చుట్టుపక్కల జూమ్ చేసి చూశాం. దొరికిందని సంబరపడిన మొదటి మూడు గుంతలూ నాపరాయి క్వారీలే! అంచులు నిటారుగా, మూలలు చతురస్రంగా ఉండి, లారీల దారి లోపలికి వెళ్తుంటే అది క్వారీ. దిగుడు బావులు, ఫామ్ పాండ్‌లు కూడా ఇలాగే బోల్తా కొట్టిస్తాయి.

బెలూం కూడా కనిపించదు

అదే మండలంలోని బెలూం గుహల పొడవు 3,229 మీటర్లు. అయినా లోపలికి వెళ్లే దారి, చదునైన నేలలో బావిలాంటి ఒక గుంత మాత్రమే. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో ఈ గుహల గురించి రాశారు. 1982, 83లో డేనియల్ గెబావర్ నేతృత్వంలోని జర్మన్ బృందం లోపలికి దిగి సర్వే చేసింది. ఫ్రీగా దొరికే ఎత్తుల డేటాలో ఒక్కో చుక్క దాదాపు 30 మీటర్లు. అంతకంటే చిన్న గుంత అందులో కలిసిపోతుంది. అందుకే మ్యాప్ 'ఇక్కడ వెతకండి' అని మాత్రమే చెబుతుంది. గుహ ఉందని తేల్చేది నేల మీదకు వెళ్లి చూసినవాళ్లే. ఆ ఊరి పశువుల కాపరులను అడిగితే మ్యాప్ కన్నా ముందే పని అయిపోవచ్చు.

కుంగకముందే తెలుస్తుందా?

అమెరికాలోని లూసియానాలో బాయూ కార్న్ దగ్గర 2012 ఆగస్టులో పెద్ద సింక్‌హోల్ పడింది. అక్కడ కింద ఉన్నది సున్నపురాయి కాదు, ఉప్పు గని. నాసా విమానానికి అమర్చిన రాడార్ డేటాను తర్వాత పరిశీలిస్తే, కుంగడానికి నెలకు పైగా ముందే నేల పక్కకు 26 సెంటీమీటర్ల వరకు జరిగిందని తేలింది. కాకపోతే ఆ డేటాను అప్పటికి ఎవరూ ఆ కోణంలో చూడలేదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ శాటిలైట్ ఇలాంటి కదలికల్నే కొలుస్తుంది. దాదాపు భూమి మొత్తాన్నీ 12 రోజులకు రెండుసార్లు చూస్తుంది. అయితే నేల నెమ్మదిగా జరిగితేనే దొరుకుతుంది. రాత్రికి రాత్రి కూలే పొలం గుంత రాడార్‌కు కూడా చిక్కకపోవచ్చు.

గుంత కనిపిస్తే ఏం చేయాలి?

సెల్ఫీ కోసం అంచు దగ్గరకు వెళ్లొద్దు. పైన గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, కింద మట్టి జారిపోయి ఉండొచ్చు. లోపలికి అసలు దిగొద్దు, ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు. చెత్త వేసి పూడ్చొద్దు, ఆ మురుగు నేరుగా మీ బోరులోకే వస్తుంది. లొకేషన్ పిన్, తేదీ, గుంత అటూ ఇటూ ఎంత ఉందో దూరం నుంచే వేసిన అంచనా, చుట్టుపక్కల బోర్లలో నీటి మట్టం ఈమధ్య ఎంత పడిపోయిందో రాసి తహసీల్దార్ ఆఫీసులో ఇవ్వండి. బోర్ల వివరం మర్చిపోవద్దు. భూగర్భ జలం కిందికి దిగిపోతే గుహ పైకప్పుకు ఆసరా పోతుంది. ఆ తర్వాత పెద్ద వాన పడితే పైన మట్టి బరువెక్కి కూలుతుంది.