తోటలో నీరు, పొలంలో నీరు

మేళ్లచెరువు పేరులోనే చెరువు వున్నది. నిన్నటి నల్లగొండ జిల్లాలోనిది, 2016 నుంచి సూర్యాపేట జిల్లాలోనిది అయిన ఈ ఊరు సున్నపురాతి నేలమీద వున్నది. ఇక్కడి శంభులింగేశ్వరుని శిరస్సుపైన చిన్న గుంట వున్నదనీ, అందులోని నీరు ఎన్నడూ తరగదనీ భక్తుల విశ్వాసం. ఆ విశ్వాసంలోని సత్యాసత్యాల విచారణ మనకిక్కడ అప్రస్తుతం. ఆకాశంకేసి చూస్తూ బతికిన మెట్టప్రాంతపు ప్రజ దైవమహిమను తరగని నీటి రూపంలో ఊహించుకున్నదన్న మాటే చరిత్ర విద్యార్థి గమనించవలసింది.

ఇటీవల మన సంపన్నుల ఇళ్ల ముందర మరొక రకం నీటి మహిమ వెలుస్తున్నది. దానికి మధ్యధరా శైలి తోట అని పేరు. తెల్లని గోడ, గులకరాళ్ల బాట, మట్టి కుండీలలో ఆలివ్ మొక్కలు, నడుమ రాతి తొట్టి, అందులో చిమ్మే నీరు. దీన్ని చూసి ముచ్చటపడేవారు వున్నారు. ధనికుల విలాసమని కొట్టిపారేసేవారూ వున్నారు. రెండవ వర్గంలో మన అభ్యుదయ మిత్రులే ఎక్కువ. నాకు ఈ రెండు వైఖరులతోనూ పేచీ వున్నది. తోట అందంగా వున్నదా లేదా అన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ నీరు ఎక్కడిది, ఎవరు తెచ్చారు, ఎవరి వంతు తగ్గించి తెచ్చారు అన్నది మిగిలిన సగం.

నీటిని కాలువలుగా నడిపి తోటను భాగాలుగా విభజించే పద్ధతి మధ్యధరా తీరాన పుట్టింది కాదు. క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దంలో పారశీక చక్రవర్తి కైరస్ పసర్గడేలో కట్టించిన రాజోద్యానంలో రాతి కాలువలు నేటికీ కనిపిస్తున్నాయి. గోడకట్టిన తోటకు పారశీకులు వాడిన మాటే గ్రీకు నోట పడి, ఐరోపా భాషలలో స్వర్గానికి పేరైంది. ఎడారి అంచున బతికేవాడికి నీడా నీరూ వున్న చోటే స్వర్గం. ఇందులో వింత లేదు.

అరబ్బుల వెంట ఆ విద్య స్పెయిన్ చేరింది. గ్రనడాలోని అల్హంబ్రా కోటకు 13వ శతాబ్దంలో దర్రో నది నుంచి కాలువ తవ్వి నీరు తెచ్చారు. 14వ శతాబ్దంలో అయిదవ మహమ్మదు కాలాన పన్నెండు రాతి సింహాలు మోసే నీటిపళ్లెం వెలిసింది. అక్కడి శిల్పుల నేర్పు ధారాళంగా చిమ్మడంలో లేదు, పొదుపులో వున్నది. వేలెడు లోతు నీరు ఒక ప్రాసాదాన్ని ప్రతిబింబింపజేస్తుంది. సన్నని ధార చప్పుడు ఎండను మరపిస్తుంది. 1492లో గ్రనడా క్రైస్తవరాజుల వశమైంది. వారు తోటలను ఉంచుకున్నారు. కాలువల విద్య తెలిసిన ప్రజలను మాత్రం మతం మార్చి, 1570లో గ్రనడా నుంచి చెదరగొట్టి, 1609 మొదలుకొని దేశం నుంచే వెళ్లగొట్టారు. ఇటలీలోని తివోలీలో ఇప్పొలీతో దెస్తే అనే మతగురువు 16వ శతాబ్దంలో ఫౌంటెన్ల తోట వేయించేటందుకు పట్టణంలో కొంతభాగాన్నే కూల్పించాడు. ఇళ్లు పోయినవారు వ్యాజ్యాలు వేశారు. నేడు యాత్రికులు ఫొటోలు తీసుకొనేది ఫౌంటెన్లనే.

అదే మధ్యధరా తీరాన మరొక సంప్రదాయమూ వున్నది, దాన్ని మనవారు ఎవరూ దిగుమతి చేసుకోరు. వలెన్సియా నగరంలో ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్దచర్చి గుమ్మం ముందు రైతులు ఎన్నుకున్న న్యాయమూర్తులు కూర్చుంటారు. కాలువనీటి తగాదాలను నోటిమాటతోనే విచారించి అక్కడికక్కడే తీర్పు చెబుతారు. శతాబ్దాలుగా నడుస్తున్న ఈ జలన్యాయస్థానాన్ని 2009లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. మన నీరడికి వీరు దూరపు చుట్టాలు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో ఎరిగినవాడు నీరడి. చెరువు తవ్వించినవారికీ కట్ట మరమ్మతు చూసేవారికీ దశబంధం కింద భూమి ఇచ్చే ఆచారం మన శాసనాలలో వున్నది.

ఇక గోలకొండ సంగతి. తోటలో నీటి విలాసం తెలుగునాట పరాకాష్ఠ నందుకున్నది కుతుబ్‌షాహీల కాలంలోనే. ఇబ్రహీం కులీ కాలాన 1562లో హుసేన్‌సాగరు తయారైంది. 1591లో మహమ్మదు కులీ హైదరాబాదును స్థాపించినప్పుడు నగరాన్ని తీర్చినవాడు ఇరాను నుంచి వచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ. భాగ్‌నగరమంటే తోటల నగరమేనని హరూన్ ఖాన్ షేర్వానీ వాదించాడు. భాగమతి కథను ప్రేమించేవారికి అది రుచించదు గాని, చార్‌కమాన్ల నడుమనున్న గుల్జార్ హౌజు ఆ వాదానికి కొంత సాక్ష్యం చెబుతున్నది. గోలకొండకు దుర్గం చెరువు నుంచి నీరు వచ్చేది. కొండపైకి దాన్ని మజిలీ మజిలీగా నీటిచక్రాలతో ఎత్తి, మట్టిగొట్టాల ద్వారా నడిపారు. నయాఖిల్లాలో పురావస్తుశాఖవారు తవ్వినప్పుడు తోట కాలువలు, తొట్లు, మట్టిగొట్టాలు బయటపడ్డాయి. ఆ గొట్టాలను ఒకదానిలో ఒకటి ఇమిడేటట్టు కాల్చినవాడు కుమ్మరి. కాలువను వాటంగా దించినవాడు ఒడ్డెర. వారి పేర్లు మనకు దక్కలేదు.

కాబట్టి ఈ తోటలను ప్రభువుల విలాసమని తోసిపుచ్చడం పొరపాటు. అలా తోసిపుచ్చితే ప్రభువులకంటె ముందు కుమ్మరినీ ఒడ్డెరనూ తోసిపుచ్చినట్టే. అట్లని వాటిని స్వర్ణయుగపు చిహ్నాలుగా పూజించడమూ తగదు. నల్లగొండ అనుభవం అందుకు అడ్డం వస్తుంది. దేశముఖుల పొలాలు తడిసినదాకా రైతు మడికి నీరు రాకపోవడం వెట్టిచాకిరీలో ఒక భాగమని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణా పోరాట చరిత్రలో రాశాడు. 1946 నుంచి 1951 దాకా ఈ జిల్లా ప్రజలు పోరాడింది భూమికోసమని మనం తరచు అంటాము. నీరు లేని భూమి ఈ మెట్టలో ఎంత పాటిది?

మధ్యధరాతో మనకు సంబంధం నేటిది కాదన్న సంగతీ ఇక్కడ చెప్పాలి. నల్లగొండ జిల్లాలో రోము వెండినాణేల నిధి దొరికింది. కృష్ణ ఆవలి గట్టున నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల విజయపురిలో, రోము నాణేలూ, మెట్ల కొలనూ, రాతిమెట్లు చుట్టూ కట్టిన క్రీడారంగమూ బయటపడ్డాయి. 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన ఆ లోయ సాగరు జలాశయంలో మునిగింది. 1967లో ఆ సాగరు నీరే కాలువలకు వదిలారు; ఎడమకాలువ నల్లగొండ పొలాలకు వచ్చింది. ఇక్ష్వాకుల కొలను పోయి వరిమడి వచ్చింది. ఈ బేరం నష్టమని నేననను.

అయితే మేళ్లచెరువులో ఒక బడిపంతులుగారు ఇంటిముందు ఇలాంటి తోట వేసుకోదలిస్తే? వేసుకోవచ్చును. కాని శైలిని కాక సూత్రాన్ని తెచ్చుకోవాలి. మధ్యధరా తీరాన వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలం పొడిగా వుంటుంది. మనకు జూన్ నుంచి ముసురు. అక్కడి లావెండరు మన శ్రావణమాసపు తడికి వేరు కుళ్లి చస్తుంది. దానిమ్మ, అంజూర, ద్రాక్షపందిరి రెండుచోట్లా బతుకుతాయి; మల్లెకు ఎవరి అనుమతీ అక్కరలేదు. గోడలకు మన సున్నమే చాలు, బాటకు మన నాపరాయే చాలు. నీటితొట్టి పందిరి నీడన, ఇరుకుగా, చిన్నదిగా వుండాలి. విశాలంగా ఎండకు పరిస్తే వైశాఖమాసం దాన్ని తాగేస్తుంది. ఇంటికప్పుమీది వాననీరు అందులోకి దిగాలి, పొర్లిన నీరు చెట్ల పాదులకు పోవాలి. దోమలు చేరకుండా నాలుగు చేపపిల్లలు వేస్తే సరి. బోరునీటితో రోజంతా చిమ్మే ఫౌంటెను మాత్రం పెట్టవద్దు. పక్కింటి బావి కూడా ఆ నేలలోనిదే.