అంబాసిడర్ వేడెక్కితే – నీళ్ళ జబ్బా, నిప్పు జబ్బా?

ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనలో అంబాసిడర్ కారులో కూర్చోని వారు ఉండవచ్చు గాని, దాన్ని వెనకనుంచి తొయ్యని వారు తక్కువ. ఎండాకాలం వచ్చిందంటే రోడ్డు పక్కన బానెట్టు ఎత్తిపెట్టిన తెల్లకారు, చేతిలో నీళ్ళ డబ్బాతో డ్రైవరు, చెట్టు నీడన ఆఫీసరు గారు – ఈ దృశ్యం మన తరానికి కొత్త కాదు. ఇప్పటి పిల్లలకు ఇది వింతగా తోస్తుంది. అందుచేత ఆ కారు ఎందుకు ఆగేదో, దాన్ని ఎలా కనిపెట్టేవారో నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను మెకానిక్కును కాను. ఆఫీసు వాహనాల లాగ్ బుక్కులు, రిపేరు బిల్లులు చాలా కాలం నా సీటులో ఉండేవి. నాకు తెలిసినదంతా ఆ బిల్లుల వల్ల, డ్రైవర్ల వల్ల తెలిసినదే.

మోటారు కారు పుట్టిననాటినుంచీ దాన్ని వెన్నంటి వచ్చిన జబ్బులు రెండు. ఒకటి నీళ్ళది, రెండోది నిప్పుది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ కు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన కారులో మన్‌హైం నుంచి ఫోర్జ్‌హైం లోని పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్లు దాటిన దూరం. ఆ కారుకు నేటి రేడియేటర్ లేదు. నీళ్ళు మరిగి ఆవిరై పోతుంటే దారి పొడుగునా మళ్ళీ మళ్ళీ పోసుకోవలసిందే. మధ్యలో ఇగ్నిషన్ తీగ రాపిడికి ఒరిసిపోతే, మేజోడుకు కట్టుకునే పట్టీ తీసి దానికి చుట్టిందట. ప్రపంచంలో మొదటి దూరప్రయాణపు రోడ్డు రిపేరు చేసింది ఒక ఆడమనిషి అన్న సంగతి మన మేస్త్రీలలో ఎంతమందికి తెలుసో!

తరువాత విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు లాంటి రేడియేటర్ తయారుచేశాడు. 1901 నాటి మెర్సిడెస్ కారులో వేలకొద్దీ చిన్న గొట్టాల గుండా గాలి పోయేట్టు అమర్చి, కొద్ది నీళ్ళతోనే ఇంజన్ను చల్లబరిచాడు. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ 1910 కాడిలాక్ కార్లకు బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో పనిచేసే ఇగ్నిషన్ ఇచ్చాడు. హ్యాండిల్ తిప్పే బాధ తప్పించిన సెల్ఫ్ స్టార్టరు కూడా 1912లో ఆయన చలవే. మన అంబాసిడర్ లోపల దశాబ్దాల పాటు ఉన్నది స్థూలంగా కెటరింగ్ గారి పద్ధతే.

అంబాసిడర్ చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1942లో బిర్లాలు గుజరాత్ లోని పోర్ట్ ఓఖాలో హిందుస్థాన్ మోటార్స్ స్థాపించారు. 1948లో అది కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాకు మారింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సీరీస్ కారే 1957లో ఇక్కడ అంబాసిడర్ అయింది. 1959లో 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజన్ వచ్చింది. చల్లని దేశానికి తయారైన ఇంజన్ ను మన కర్నూలు ఎండలో, రామగుండం ఎండలో నడిపించాము. అది నడిచింది కూడా. దాని ఓర్పును మెచ్చుకోవాలి.

ఇక నిప్పు సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు నిమిషానికి ఆరు వేల సార్లు, అంటే సెకండుకు నూరు సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. తెరుచుకున్న ప్రతిసారీ పన్నెండు వోల్టుల కరెంటు కాయిల్ లో వేల వోల్టులై ప్లగ్గు దగ్గర మెరుస్తుంది. పాయింట్లను తెరిచేది క్యాం మీద రాసుకుంటూ ఉండే చిన్న ఫైబరు ముక్క. అది అరిగిన కొద్దీ పాయింట్ల సందు తగ్గుతుంది, అవి తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. మెరుపు ఆలస్యమైతే పెట్రోలు కాలడమూ ఆలస్యమే. బండిని లాగవలసిన వేడి ఇంజన్ గోడలకు, సైలెన్సరుకు పోతుంది. బండి లాగదు గనుక డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కుతాడు. మీటరు ముల్లు ఇంకా పైకి పోతుంది. చూసేవారికి మాత్రం అది రేడియేటర్ జబ్బు లాగానే కనబడుతుంది.

ఈ తేడా తెలియక ఒక డ్రైవరు జీతం కోతకు గురైన ఫైలు నా చేతిమీదుగా నడిచింది. అది 1984 ఎండాకాలం. ఆఫీసు పేరు అనవసరం. మార్క్-3 బండి క్యాంపు దారిలో పొగలు కక్కి ఆగింది. షాపులో రేడియేటర్ మార్చారు, బిల్లు వచ్చింది. నీళ్ళు చూసుకోకపోవడం డ్రైవరు నిర్లక్ష్యమని మెమో ఇచ్చి, సంజాయిషీ తృప్తికరంగా లేదని, ఆ ఖర్చు నెలకు యాభై చొప్పున రికవరీ చేయమన్నారు. పిల్లల ఫీజులకే అప్పుచేసే మనిషి. "నీళ్ళు పొయ్యకుండా నేను బండి తీస్తానా సార్?" అని నా టేబులు దగ్గర నిలబడి అడిగాడు. నెలన్నర తిరక్కుండానే కొత్త రేడియేటర్ తోనే బండి మళ్ళీ వేడెక్కింది.

ఈసారి సినిమాహాలు పక్కన చెట్టుకింద షెడ్డు పెట్టుకున్న ముసలి మేస్త్రీకి చూపించారు. ఆయన రేడియేటర్ వైపే పోలేదు. డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, పాయింట్ల మధ్య గేజి పెట్టి చూశాడు. పదిహేను థౌ ఉండవలసిన సందు సగం కూడా లేదు. "రేడియేటర్ కొత్తదే బాబూ, రోగం దానిది కాదు గదా" అన్నాడు. కొత్త పాయింట్లు, కండెన్సరు వేసి టైమింగు సరిచేశాడు. అదే దారిలో, అదే ఎండలో బండి చల్లగా పోయి వచ్చింది. మేస్త్రీ బిల్లు మీద రాసిన రెండు పంక్తులను ఆధారంగా పెట్టి నేను నోటు పెట్టాను. రికవరీ రద్దయింది. అప్పటికే కోసిన రెండు వాయిదాలు తిరిగి ఇప్పించడానికి మాత్రం మరో ఆరు నెలలు పట్టింది! మన ఖజానా వ్యవహారం పాఠకులకు తెలియనిది కాదు.

అనుభవం గల డ్రైవర్లు బండి ఆగిన తీరును బట్టే జబ్బు చెప్పేవారు. ముల్లు పైకి పోయి, ఆవిరి కనబడి, శక్తి తగ్గుతూ ఆగితే ముందు నీళ్ళు, ఫ్యాన్ బెల్టు, పంపు చూస్తారు. అవి బాగుంటే టైమింగు. దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా ఆగి, అరగంట తరువాత ఏమీ ఎరగనట్టు స్టార్టయితే అది వేడికి చచ్చే కాయిల్ గాని, కండెన్సరు గాని. పాయింట్లు నల్లగా కాలి ఉంటే కండెన్సరు మీద అనుమానం. కాసేపు తడబడి ఆగితే పెట్రోలు దారిలోనే ఆవిరైందని, పంపు మీద తడిగుడ్డ వేసేవారు. ఇంజనాయిలు మజ్జిగలా తెల్లబడితే మాత్రం హెడ్ గేస్కెట్టు పోయిందని అర్థం. దానికి రోడ్డు మీద వైద్యం లేదు.

నీళ్ళ జబ్బులు నిజంగా లేవని కాదు. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ఇంట్లో కాగు అడుగున పట్టే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాలలోనూ పడుతుంది. టాంకీలు విప్పించి గొట్టాల్లో రాడ్డు దూర్చి శుభ్రం చేయించడం తప్ప గత్యంతరం ఉండేది కాదు. కొందరు వేడి తగ్గుతుందని థర్మోస్టాటే పీకేసేవారు. నా దృష్టిలో అది జ్వరమానిని పగలగొట్టి జ్వరం తగ్గించడమే. వేడి మీదున్న రేడియేటర్ మూత విప్పి ముఖం కాల్చుకున్నవారూ ఉన్నారు. కాలుతున్న ఇంజన్ లో చన్నీళ్ళు పోస్తే బ్లాకే చిట్లవచ్చు.

2014 మేలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సు ప్యూజో కంపెనీకి 80 కోట్లకు అమ్మారు. నేటి కార్లలో పాయింట్లు లేవు, మెరుపు ఎప్పుడు రావాలో కంప్యూటరు చూసుకుంటుంది. అయినా మన సభ్యుల ఇళ్ళల్లో ఒకటి రెండు పాత బళ్ళు గుడ్డ కప్పుకుని ఉన్నాయని విన్నాను. నెలలకొద్దీ కదలని బండి అయితే పాయింట్లు మెత్తని ఎమెరీ కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిపించండి. రేడియేటర్ లో కూలెంటు పోయించండి, బోరు నీళ్ళు వద్దు. డిస్ట్రిబ్యూటరు మూత తీసినప్పుడు క్యాం మీద కందిగింజంత గ్రీజు రాయించడం మరవకండి. ఆ గ్రీజు లేకనే ఫైబరు ముక్క తొందరగా అరుగుతుంది.