చివరి వరుసకు వినబడు స్వరము
(కైకలూరు ప్రాంతమున ఒక చిన్న మైకుసెట్టు చరిత్ర)



ఈ శతవత్సర సంచికలో దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు వ్రాయువారు పలువురు కలరు. మేము ఒక చిన్న వస్తువును గూర్చి వ్రాయదలచితిమి. అది మైకుసెట్టు.

1841లో ఫాక్సు, నోబుల్ దొరలు బందరులో దిగిన నాడును, 1854లో ఏలూరులో మిషను కేంద్రము ఏర్పడిన నాడును మైకు అను మాటయే లేదు. బోధకుని కంఠమొక్కటే సాధనము. ఎజ్రా కఱ్ఱ పీఠముపై నిలిచి ధర్మశాస్త్రము చదివెను. ఎత్తున నిలిచినవాని మాట ముందు వరుసల తలలకు తగిలి ఆగిపోదు. ప్రభువు దోనెలో కూర్చుండి దరినున్న జనులకు బోధించెను. ఈ రెండవ సంగతిని మన కొల్లేటి వారికి విప్పి చెప్పనక్కరలేదు. సాయంవేళ నీటిని అంటియున్న గాలి చల్లగాను, దానిపై గాలి వెచ్చగాను ఉన్నప్పుడు శబ్దము మింటికి పోక క్రిందికి వంగి దూరము సాగును. లంక గట్టున పిలిచిన పిలుపు ఆవలి దోనెకు అందుటకు కారణమిదియే.

తరువాత యంత్రము వచ్చినది. 1915లో అమెరికాలో జెన్సెన్, ప్రిడ్హాము అను ఇరువురు తమ లౌడుస్పీకరును జనుల యెదుట ప్రదర్శించిరి. 1925లో రైసు, కెల్లాగు అనువారు కాగితపు గరాటువంటి స్పీకరుకు నేటి రూపమిచ్చిరి. మన దేశమున 1930 దశకములో కాంగ్రెసు సభలకు బొంబాయిలోని షికాగో రేడియో వారి మైకులు పేరుపొందెను. క్రమముగా పెండ్లి పందిళ్లకు, నాటకములకు, ఉజ్జీవ సభలకును బూరలు వచ్చెను. బూర మ్రోగినదే సభ, ఎంత దూరము మ్రోగినచో అంత గొప్ప సభ అను తలంపు కూడ వాటి వెంటనే వచ్చెను.

ఆ తలంపు మాకును ఉండెడిది. దానిని రెండు సంగతులు సరిచేసినవి.

ఒక క్రిస్మసు రాత్రి అద్దె సెట్టు తెప్పించి, దేవాలయపు వేపచెట్టుకు రెండు బూరలు కట్టించితిమి. పాటలు జరుగుచుండగా పొరుగింటి పెద్దాయన వచ్చి, "అయ్యగారూ, మా ఇంట్లో బాలింత ఉందండి. పసిబిడ్డ ఉలిక్కిపడుతోంది" అనెను. ఆయన కోపపడలేదు, అందువలననే మాకు ఎక్కువ సిగ్గు కలిగినది.

కొన్ని మాసములకు ఒక లంకలో యౌవనస్థుని భూస్థాపన ఆరాధన. కరెంటు లేదు, గాలి ఎదురుగా వీచుచున్నది. ముగిసిన పిమ్మట వెనుక వరుసలో కూర్చున్న తల్లి మమ్మును సమీపించి, "మా అబ్బాయి పేరు చదివారా అండి? నాకు వినపడలేదు" అని అడిగినది. పేరు మూడుమార్లు చదివితిమి. ఆమెకు ఒక్కమారైనను అందలేదు. అక్కరలేని చోట మా స్వరము ఊరంతయు మ్రోగినది. అక్కరయున్న చోట ఇరువది గజములు పోలేదు.

అప్పుడు మా యౌవనస్థులు పనికి పూనుకొనిరి. అటకలమీది పాత వాల్వు రేడియోలనుండియు, రిపేరు కొట్టు మూలనుండియు ఆరంగుళముల స్పీకర్లు నాలుగు సేకరించిరి. పాతవి ఎందుకనగా, వాల్వు రేడియోలు సాధారణముగా మూడు నాలుగు వాట్ల శక్తినే ఇచ్చెడివి. కనుక ఆనాటి స్పీకర్లను తేలికైన కాగితముతో, కొద్ది శక్తికే నిండుగా పలుకునట్లు చేసిరి. చిరిగినచోట పలుచని కాగితము బంకతో అతికించితిమి. ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లు క్షణకాలము తాకించి, కాగితము ముందుకు కదలినప్పుడు సెల్లు ప్లస్సు తగిలిన కొసకు ఎఱ్ఱరంగు పూసితిమి. నాలుగును ఒకేమారు ముందుకు కదలవలెను. ఒకటి ఎదురు తిరిగినను మిగిలినవాటి పలుకును అది మ్రింగివేయును. సంఘమునకును ఇది వర్తించునేమో!

ఒక్కొక్కటి నాలుగు ఓములది. రెండేసి వరుసగా కలిపి, ఆ రెండు జతలను ప్రక్కప్రక్కన కలిపిన మరల నాలుగు ఓములే వచ్చును. ప్లైవుడ్డు పెట్టెలో ఒకదానిపై నొకటి నిలువుగా బిగించితిమి. నిలువు వరుస వలన శబ్దము ఆకాశమునకును నేలకును చెదరక జనుల వైపు పోవును. పది వాట్ల చిన్న యాంప్లిఫయరు, 12 వోల్టుల బ్యాటరీ, ఒక మైకు. అంతయు దోనెలో ఒకరి ప్రక్కన పట్టును. పెట్టెను మైకుకు ముందుగా నిలిపి, మైకును నోటికి దగ్గరగా ఉంచుకొనిన కూత పుట్టదు.

పది వాట్లు చాలునా అని పెద్దలు సందేహించిరి. వాట్లు రెండింతలు చేసినను పెరుగునది 3 డెసిబెల్లులే. ఆరుబయట వినువాని దూరము సగమైనచో 6 డెసిబెల్లులు పెరుగును. కావున శక్తి పెంచుటకంటె దగ్గరకు పోవుటయే మేలు. ఇది బోధకులమైన మాకు మంచి పాఠము.

చట్టమును కూడ మరువరాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు ఆరుబయట లౌడుస్పీకరు కూడదు. అదే సంవత్సరము ఆగస్టు 30న సుప్రీంకోర్టు, ఇతరుల నెమ్మదిని చెరచి ప్రార్థింపుమని ఏ మతమును బోధింపదని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యములో అప్పీలు చేసినది మద్రాసులోని ఒక క్రైస్తవ సంఘమే యని జ్ఞాపకముంచుకొనుట మనకు మంచిది.

ఏడాది తిరిగిన పిదప అదే లంకలో జ్ఞాపకార్థ కూడిక జరిగినది. పెట్టెను దోనెలో తీసికొనిపోయి, చివరి వరుసకు ఎదురుగా నిలిపి, కంఠము పెంచకయే ఆ యౌవనస్థుని పేరు చదివితిమి. వెనుక కూర్చున్న తల్లి తలయెత్తి, పైట కొంగు కన్నుల కద్దుకొనినది. ప్రక్క వీధిలో అరుగుపై నిద్రించుచున్న ముసలాయన మాత్రము మేలుకొనలేదు.

ఈ నూరేండ్లలో మన పితరుల స్వరము ఎంత దూరము పోయినదో వ్రాయువారు వ్రాయుదురు. రాబోవు దినములలో మన స్వరము మన మధ్య చివర కూర్చున్నవారికి అందవలెననియు, పొరుగువాని నిద్రను చెరపకుండవలెననియు మా కోరిక.