వెండి గడియారం ఎవరు చేశారు? ముద్రలు చెప్పే సంగతి

ఇవాళ ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. బల్ల మీద పెట్టుకునే పాత వెండి గడియారం.

విజయనగరం గంట స్తంభం 1885లో కట్టారు. ఊరంతా తలెత్తి చూసుకునే గడియారం అది. ఇంట్లో సొంతంగా వెండి గడియారం పెట్టుకోవడమంటే అప్పట్లో కలిగినవాళ్ల మాట. అటువంటిది వారసుల బీరువాలోంచి బయటపడితే రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "ఇది ఆనంద గజపతి మహారాజు గారి బల్ల మీద ఉండేదట." రెండోది, "తూకం వేస్తే ఎంత వస్తుంది?" ఈ రెండింటికీ తొందరపడకుండా ముందు ముద్రలు చదవాలి.

మొదట ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. గడియారంలో ముగ్గురి పనితనం ఉండొచ్చు. డయల్ మీద పేరు చాలాసార్లు అమ్మిన కంపెనీది. వెండి మీద ముద్ర ఆ వెండి పెట్టెను చేయించినవారిది. లోపలి యంత్రం మీద ముద్ర యంత్రం చేసినవారిది. ఈ మూడూ ఒక్కరే కానక్కర్లేదు. ఇంగ్లాండులో ముద్ర పడిన వెండి పెట్టెలో ఫ్రాన్సు యంత్రం ఉండటం మామూలే. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది కదా, ఆ గడియారంతో ముడిపడిన పేరు కుక్ అండ్ కెల్వీ. అది కలకత్తాలో నగలు, వెండి సామాన్లు, గడియారాలు అన్నీ అమ్మిన కంపెనీ.

ఇప్పుడు భూతద్దం తీసుకోండి. ఇంగ్లాండు వెండి అయితే చిన్న చిన్న ముద్రలు వరసగా ఉంటాయి. నడుస్తున్న సింహం ఉంటే, వెయ్యికి 925 పాళ్లు వెండి అని అర్థం. చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, కిరీటం షెఫీల్డ్‌ది. పక్కన ఒక్క అక్షరం ఉంటుంది, అది సంవత్సరం. ఆ అక్షరాన్నే కాదు, దాని రాత తీరునీ, చుట్టూ ఉన్న గడి ఆకారాన్నీ కలిపి చూడాలి. ఎందుకంటే అవే అక్షరాలు కొన్నేళ్లకోసారి మళ్లీ తిరిగొస్తాయి. రాజు తల గానీ రాణి తల గానీ ఉంటే అది పన్ను కట్టిన గుర్తు, 1890లో ఆ పన్ను ఎత్తేశారు. ఇక రెండు మూడు పొడి అక్షరాలు కనిపిస్తాయి. చేయించినవారి ముద్ర అదే.

దీనితో ఇంటి కథను పరీక్షించొచ్చు. ఆనంద గజపతి గారు 1897లో కాలం చేశారు. అక్షరం 1905ని చూపిస్తే, ఆ గడియారం ఆయన బల్ల మీద ఉండే వీలే లేదు. 1888ని చూపిస్తే? కథ రుజువైపోయినట్టు కాదు గానీ, కాలం మటుకు అడ్డు చెప్పదు.

మన దేశంలో చేసిన వెండికి ఈ లెక్క పనికిరాదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఇక్కడ వెండిని పరీక్షించి ముద్ర వేసే సర్కారు ఆఫీసు లేదు. ఎవరి ముద్ర వాళ్లే కొట్టుకునేవారు. కలకత్తాలో హామిల్టన్ కంపెనీ, మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్ అలా కొట్టినవే. ఏనుగు బొమ్మలాంటివి చూడ్డానికి ఇంగ్లాండు ముద్రల్లాగే ఉంటాయి, కానీ వాటి వెనక సర్కారు పూచీ లేదు. వెండికి మనకు బి.ఐ.ఎస్. హాల్‌మార్క్ వచ్చిందే 2005లో.

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకి ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. పరిపాలన చూస్తే మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవాళ్లం. భీమునిపట్నం, కళింగపట్నం రేవులేమో అటు మద్రాసుకీ ఇటు కలకత్తాకీ మధ్య ఉన్నాయి. అందుకే ఇక్కడ దొరికిన వస్తువుకి ఒక్క మద్రాసు ముద్రలే వెతికితే చాలదు, కలకత్తావీ చూడాలి.

ఒక జాగ్రత్త. ఈ.పి.ఎన్.ఎస్. అనే నాలుగక్షరాలుంటే అది జర్మన్ సిల్వర్ మీద వెండి పూత, అంతే. ఇంకోటి, చింతపండు పెట్టి గట్టిగా తోమకండి. తోమగా తోమగా ముందు అరిగేది ఆ ముద్రలే.

ఇక తూకం సంగతి. చాలా గడియారాల్లో వెండి ముందువైపు పల్చటి రేకే, వెనక ఉండేది చెక్క. కరిగిస్తే చేతికొచ్చేది కొద్దిపాటి వెండి. పోయేది చేసినవాడి పేరు, చేసిన ఊరు, సంవత్సరం. నూరేళ్లు దాటిన కళావస్తువుల్ని 1972 చట్టం పురావస్తువుల కింద లెక్కేస్తుంది, సొంతదారైనా సరే విదేశాలకి పంపించకూడదు. కరిగించొద్దని మాత్రం ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. ఆ పని ఇంట్లోవాళ్లే చెయ్యాలి.

కాబట్టి కంసాలి దగ్గరికి వెళ్లేముందు డయల్, వెండి, వెనక తలుపు, లోపలి యంత్రం, నాలుగింటికీ దగ్గరగా ఫోటోలు తీసి, కనిపించిన ప్రతి ముద్రా ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి. ఆ కాగితం గడియారంతోపాటే ఉంచండి.