బాల్యస్మృతులు – స్థానిక చరిత్ర: బ్రిటన్ గ్రామాలు, పట్టణాల అనుభవం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:
• బ్రిటన్‌లో స్థానిక చరిత్ర రచన ఎలా మారుతూ వచ్చింది
• సామాన్యుల బాల్యస్మృతులు చరిత్రకు ఆధారాలుగా ఎందుకు పనికివస్తాయి
• ఆ స్మృతులను ఇతర ఆధారాలతో పోల్చి పరీక్షించే పద్ధతి

1. ప్రస్తావన

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, ఒడంబడికలు, చట్టాలు గుర్తుకురావడం సహజం. బ్రిటన్ చరిత్రను గురించి మీరు ఇంతవరకు చదివినవాటిలో కూడా పార్లమెంటు సంస్కరణలు, పారిశ్రామిక విప్లవం, వలస సామ్రాజ్యం ప్రధానమైన అంశాలు. అయితే 1905లో లాంకషైర్‌లోని ఒక నూలుమిల్లు పట్టణంలో పన్నెండేళ్ల పిల్ల ఒకతె తెల్లవారుజామున లేచి ఆరు గంటలకల్లా మిల్లుకు చేరుకునేది. మధ్యాహ్నం అక్కడినుంచి బడికి వెళ్లేది. ఆ పిల్ల ఎన్ని గంటలు పనిచేసిందో చట్టం చదివితే తెలుస్తుంది. బడిలో బల్లమీద తల వాల్చి నిద్రపోయిందా? మొదటి కూలి డబ్బులు అమ్మ చేతిలో పెట్టినప్పుడు గర్వపడిందా? ఇవి ఏ చట్టంలోనూ ఉండవు. అలాంటి పిల్లలు ముసలివారైన తరవాత చెప్పిన మాటలలోనే ఉంటాయి.

ఆ మాటలను నమ్మవచ్చునా? ఎంతవరకు నమ్మవచ్చు? ఈ భాగంలో మనం పరిశీలించే ప్రధానమైన ప్రశ్న ఇదే.

2. స్థానిక చరిత్ర: జమీందారుల నుంచి జనం వరకు

ఇంగ్లండులో స్థానిక ఆధారాలకు కొరతలేదు. 1538 నుంచి ప్రతి పారిష్ చర్చిలోనూ బాప్టిజం, వివాహం, ఖననం వివరాలను రిజిస్టరులో రాయాలన్న నియమం ఉంది. అయినా చాలాకాలం స్థానిక చరిత్ర రాసినవారు ఆ ప్రాంతపు భూస్వాముల వంశావళి, వారి భవనాలు, చర్చి నిర్మాణం వంటివాటికే ప్రాముఖ్యం ఇచ్చారు. 1899లో మొదలైన విక్టోరియా కౌంటీ చరిత్ర గ్రంథమాల తొలి సంపుటాలలో కూడా ఈ ధోరణి కనిపిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం తరవాత మార్పు వచ్చింది. లెస్టర్‌లో ఇంగ్లండు స్థానిక చరిత్రకు ప్రత్యేకంగా ఒక విభాగాన్ని నెలకొల్పారు. దానికి మూలపురుషుడైన డబ్ల్యు.జి. హాస్కిన్స్ 1955లో ఇంగ్లండు భూదృశ్యం రూపొందిన తీరును గురించి ప్రసిద్ధమైన గ్రంథం రాశాడు. పొలం గట్టు, వంకర దారి, పాడుబడిన ఊరి దిబ్బ – ఇవన్నీ చదవదగిన దస్తావేజులే అని ఆయన చూపించాడు. అయితే పొలాన్ని చదవడం నేర్చినంత మాత్రాన, ఆ పొలంలో పనిచేసినవారి మాట వినడం నేర్చినట్లు కాదు.

ఆ పని చేసినవాడు జార్జ్ యువర్ట్ ఎవాన్స్. ఆయన సౌత్ వేల్స్‌లోని ఒక గనుల గ్రామంలో దుకాణదారుడి కుమారుడు. ఆయన భార్యకు సఫక్ ప్రాంతంలోని బ్లాక్స్‌హాల్ గ్రామంలో బడిపంతులమ్మగా ఉద్యోగం రావడంతో 1948లో కుటుంబం అక్కడికి చేరింది. ఇరుగుపొరుగు వృద్ధులతో మాట్లాడుతూ ఉండగా ఆయనకు ఒక సంగతి స్ఫురించింది. వారు వాడే పనిముట్ల పేర్లు, గుర్రాల సాగు పద్ధతులు, కోతల ఆచారాలు వందల ఏళ్లనాటివి. ట్రాక్టరు రావడంతో ఇవన్నీ ఒక్క తరంలో అంతరించిపోతున్నాయి. ఆ వృద్ధుల మాటల ఆధారంగా ఆయన 1956లో ప్రచురించిన గ్రంథం బ్రిటన్‌లో మౌఖిక చరిత్రకు నాంది అయింది. ఇందులో మీరు గమనించదగిన విశేషం ఒకటి ఉంది. ఎవాన్స్‌కు చెవులు సరిగా వినిపించేవి కావు. వినికిడి తక్కువైన మనిషి ఒక దేశానికి తన పెద్దల మాట వినడం నేర్పాడు.

1970ల నాటికి ఈ కృషి విశ్వవిద్యాలయాలకు చేరింది. ఎసెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ థాంప్సన్, ఎడ్వర్డ్ రాజు కాలంలో (1901–1910) పిల్లలుగానో యువకులుగానో ఉన్న దాదాపు 450 మందితో మాట్లాడించాడు. దొరికినవారినల్లా ఆయన అడగలేదు. 1911 జనాభా లెక్కల ప్రకారం ఏయే వృత్తులవారు ఏ నిష్పత్తిలో ఉన్నారో చూసి, అదే నిష్పత్తిలో మనుషులను ఎంపికచేశాడు. బాగా మాట్లాడేవారి మాటే చరిత్ర కాకూడదన్నది దీని ఉద్దేశం.

3. మూడు బాల్యాలు, మూడు ఊళ్లు

అచ్చయిన బాల్యస్మృతులలో మూడింటిని ఉదాహరణగా తీసుకుందాం.

మొదటిది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని జూనిపర్ హిల్ అనే చిన్న పల్లె. ఫ్లోరా థాంప్సన్ 1876లో అక్కడ ఒక తాపీపనివాడి ఇంట్లో పుట్టింది. 1939లో అచ్చయిన ఆమె పుస్తకంలో ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చినా, వర్ణించినది 1880లనాటి ఆ పల్లెనే. వ్యవసాయకూలీల ఇళ్లు, కోత అయ్యాక తల్లులు, పిల్లలు పొలాల్లో పరిగె ఏరుకోవడం, చాలామంది ఆడపిల్లలు పదమూడేళ్లు వచ్చేసరికి ఇంట్లో చోటు చాలక పెద్దల ఇళ్లలో పనికి కుదరడం ఇందులో కనిపిస్తాయి.

రెండోది గ్లాస్టర్‌షైర్‌లోని స్లాడ్ లోయ. 1914లో పుట్టిన లారీ లీ మూడేళ్ల వయసులో అక్కడికి వచ్చాడు. 1959లో వెలువడిన ఆయన జ్ఞాపకాలు గుర్రం నడకతో సాగిన పల్లెజీవితం మోటారు వాహనాల రాకతో ముగిసిపోవడాన్ని చెబుతాయి.

మూడోది మాంచెస్టర్ పక్కనే ఉన్న సాల్ఫర్డ్ పట్టణం. 1905లో పుట్టిన రాబర్ట్ రాబర్ట్స్ తల్లి అక్కడ మురికివాడలో చిన్న కిరాణాకొట్టు నడిపేది. 1971లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఆ కొట్టు గల్లాపెట్టె వెనకనుంచి లోకాన్ని చూపించాడు. ఎవరికి అప్పు ఇవ్వవచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అన్న లెక్కలో వీధి మొత్తం సామాజిక అంతస్తులు బయటపడతాయి. బయటివారికి అందరూ పేదలే. లోపల మాత్రం నైపుణ్యం గల కార్మికుడికి, కూలివాడికి, తాకట్టు కొట్టు మెట్లెక్కినవాడికి మధ్య ఎన్నో తేడాలు ఉండేవి. శ్రామికవర్గాన్ని ఒకే ముద్దగా చూసే చరిత్రకు ఇది మంచి సవరణ.

ఈ ముగ్గురూ బాల్యం గడిచిన దశాబ్దాల తరవాత రాశారు. ముగ్గురూ రచయితలుగా ఎదిగినవారు. వారి పక్క బల్లమీద కూర్చున్నవారిలో ఎక్కువమంది ఏమీ రాయలేదు. అందుకే అచ్చయిన జ్ఞాపకాలకు తోడు మౌఖిక సేకరణ కూడా అవసరమవుతుంది.

4. సగంపూట పిల్లలు

పైన చెప్పిన లాంకషైర్ పిల్ల దగ్గరికి మళ్లీ వద్దాం. 1844 ఫ్యాక్టరీ చట్టం పిల్లలను సగంపూట మిల్లులో, సగంపూట బడిలో ఉంచే పద్ధతిని స్థిరపరిచింది. అప్పుడు కనీస వయసు ఎనిమిదేళ్లు. అది క్రమంగా పదికి, పదకొండుకు పెరిగి, 1901 నాటికి పన్నెండుకు చేరింది. 1918 విద్యాచట్టం ఈ పద్ధతిని రద్దుచేసింది. ఆ రద్దు 1921లో గాని పూర్తిగా అమలులోకి రాలేదు.

ఇన్నాళ్లు ఎందుకు కొనసాగింది? యజమానుల స్వార్థమే కారణమని మీరు అనుకోవచ్చు. అది సగం నిజం. నూలు కార్మికులలోనే చాలామంది వయోపరిమితి పెంచడాన్ని వ్యతిరేకించారు. పిల్లల కూలి లేనిదే చాలా ఇళ్లు గడిచేవి కావు. పైగా చిన్నప్పుడే వేళ్లు తిరగకపోతే పని పట్టుబడదని వారు నమ్మారు. పెద్దలైన సగంపూట పిల్లలు చెప్పినవాటిలో ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. మగ్గాల చప్పుడులో పెదవుల కదలికను బట్టి మాట గ్రహించడం, మధ్యాహ్నం బడిలో నిద్ర ఆపుకోలేకపోవడం ఒకవైపు. పెద్దవాళ్లలో ఒకరినయ్యానన్న గర్వం రెండోవైపు. బాధ ఉన్నచోట గర్వం ఉండదని అనుకుంటే ఈ స్మృతులు మనకు అర్థంకావు.

ఈ పిల్లల చేతుల్లోనుంచి వెళ్లిన బట్టకు మొదటి ప్రపంచయుద్ధానికి ముందు అతిపెద్ద మార్కెట్ భారతదేశమే. 1931 సెప్టెంబరులో గాంధీజీ లాంకషైర్ వెళ్లి, పనులు కోల్పోయిన నేత కార్మికులను కలుసుకున్నారు. ఆయన్ని చూడవచ్చిన నడివయసువారిలో చాలామంది ఈ సగంపూట తరానికి చెందినవారై ఉండాలి. మన నేతగాళ్ల దెబ్బతిన్న బతుకుకు అవతలి కొసన ఒక బీద పిల్ల నిలబడి ఉన్నదని స్థానిక చరిత్ర గుర్తుచేస్తుంది.

5. జ్ఞాపకాన్ని పరీక్షించడం

జ్ఞాపకం తప్పుతుంది. తేదీలు కలిసిపోతాయి. ఎవరో చెప్పగా విన్నది కళ్లారా చూసినట్లు మారిపోతుంది. చిన్ననాటి వేసవులన్నీ ఎండగానే గుర్తుంటాయి. కాబట్టి ఇతర ఆధారాలు కావాలి. వాటిలో మూడు ముఖ్యమైనవి.

(అ) బడి దినచర్య పుస్తకాలు: 1862నాటి నియమావళి తరవాత, ప్రభుత్వ గ్రాంటు పొందే ప్రతి బడిలోనూ ప్రధానోపాధ్యాయుడు దినచర్య పుస్తకం రాయవలసివచ్చింది. కోతలకు, పరిగెకు, బంగాళాదుంపలు తవ్వడానికి, పైరుమీద పిట్టలు తోలడానికి పిల్లలు ఎగ్గొట్టిన రోజులు, ఊళ్లో తట్టు వచ్చి బడి మూసిన వారాలు ఇందులో ఉంటాయి.

(ఆ) జనాభా లెక్కలు: 1841 నుంచి ఇంటింటి పేర్లతో లభిస్తాయి. నూరేళ్లు గడిచేవరకు బయటపెట్టరు. ఇంగ్లండు, వేల్స్‌లకు చెందిన 1931 లెక్కలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. యుద్ధంవల్ల 1941లో లెక్కలే తీయలేదు. అందువల్ల ఆ కాలపు బాల్యానికి మనుషుల జ్ఞాపకం విలువ ఇంకా పెరుగుతుంది.

(ఇ) ఆర్డ్‌నెన్స్ సర్వే పటాలు: వీధి, బావి, మిల్లు, బడి ఎక్కడెక్కడ ఉండేవో వీటిలో చూడవచ్చు.

అయితే కాగితం ఎప్పుడూ నిజం చెబుతుందని, మనిషే పొరబడతాడని అనుకోకండి. 1862 పద్ధతిలో గ్రాంటు పిల్లల హాజరు మీద, పరీక్ష ఫలితాల మీద ఆధారపడి ఉండేది. హాజరు తగ్గితే బడికి వచ్చే సొమ్ము తగ్గుతుంది. కాబట్టి తల్లిదండ్రుల అశ్రద్ధను గురించి పంతులు రాసిన ఫిర్యాదులో ఆయన బెంగ కూడా కలిసి ఉంటుంది. పిల్ల రాకపోవడానికి కాళ్లకు బూట్లు లేకపోవడమే కారణమైతే, ఆ సంగతి ఆ పిల్ల జ్ఞాపకంలోనే దొరకవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. తూర్పు లండన్ పేద కుటుంబాలు ఏటా సెప్టెంబరులో, బీరు తయారీలో వాడే హాప్స్ కోయడానికి కెంట్ పల్లెలకు వెళ్లేవి. పిల్లలుగా వెళ్లినవారు దాన్ని పండుగ సెలవులని, పొగలేని ఆకాశమని గుర్తుచేసుకుంటారు. బడి లెక్కలో అది గైరుహాజరు. తల్లికి అది పగలంతా కోత, సాయంత్రం పొయ్యి. మూడూ నిజమే. ఎవరు చూసిన నిజం ఏది అని విడదీసి చూపడమే చరిత్రకారుడి పని.

1939 సెప్టెంబరు మొదటి రోజులలో జరిగిన తరలింపు ఇంకొక ఉదాహరణ. బాంబుదాడుల భయంతో ప్రభుత్వ పథకం కింద దాదాపు 15 లక్షలమందిని నగరాలనుంచి పల్లెలకు పంపారు. వారిలో 8 లక్షలకు పైగా అమ్మానాన్నల తోడు లేకుండా వెళ్లిన బడిపిల్లలు. ప్రభుత్వ దస్తావేజులలో ఇది రైళ్ల పట్టిక. పిల్లల జ్ఞాపకంలో అది మెడలో వేలాడిన పేరు చీటీ, భుజాన విషవాయువు ముసుగు పెట్టె, ఊరి హాలులో ఎవరు తీసుకువెళతారా అని నిలబడిన నిమిషాలు. చిట్టచివర మిగిలిపోయిన పిల్లవాడికి ఆ నిమిషాలు డెబ్బై ఏళ్లు వచ్చినా మరుపురాలేదు. సంఘటన తేదీ అతను తప్పు చెప్పవచ్చు. ఆ అవమానాన్ని గురించి మాత్రం అతని మాటే ఆధారం.

6. మీ ఊరికి అన్వయం

ఈ పద్ధతి పరాయిది కాదు. స్కాట్లండు పడమటి దీవులలోని స్టోర్నోవేలో పుట్టిన కాలిన్ మెకంజీ మన ప్రాంతానికి వచ్చి, కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుల సహాయంతో ఊరూరా సేకరించిన కైఫీయతులు గ్రామ కరణాల, పెద్దల మాట ఆధారంగా రాసినవే. తెలుగు పల్లెల చరిత్రకు అవి నేటికీ గొప్ప ఆధారం. కాని వాటిలో పిల్లల గొంతు, ఆడవారి గొంతు వినిపించడం అరుదు. ఆ కొరత తీర్చే అవకాశం మీకుంది.

మీ ఇంట్లోనో ఇరుగుపొరుగునో డెబ్బై దాటిన నాయనమ్మ గాని తాతయ్య గాని ఉంటే వెళ్లి కూర్చోండి. "ఆ రోజులు ఎలా ఉండేవి?" అని అడిగితే "బాగుండేవి" అనే జవాబే వస్తుంది. బడికి ఏ దారిన వెళ్లేవారు, తోడు ఎవరు, బడి ఎందుకు మానవలసివచ్చింది, మొదటి కూలి ఎంత, అది ఎవరికిచ్చారు అని అడగండి. విన్నది విన్నట్లు రాసుకోండి. తరవాత బడి హాజరుపట్టీతోనో గ్రామపటంతోనో పోల్చిచూడండి. రెండూ కలవనిచోట తొందరపడి ఒకదాన్ని కొట్టివేయకండి. ఎందుకు కలవలేదని ఆలోచించండి. వారు చెప్పడానికి ఇష్టపడని విషయాన్ని బలవంతపెట్టవద్దు. చెప్పినదాన్ని వారి అనుమతి లేకుండా ఇతరులకు చూపవద్దు.

7. సారాంశం

బ్రిటన్‌లో స్థానిక చరిత్ర భూస్వాముల వంశకథల నుంచి పొలాలకు, అక్కడినుంచి మనుషుల జ్ఞాపకాలకు సాగివచ్చింది. బాల్యస్మృతి తేదీల విషయంలో బలహీనమైన ఆధారం. అనుభవం విషయంలో మాత్రం దానికి సాటివచ్చేది లేదు. కాగితాన్నీ జ్ఞాపకాన్నీ ఒకదానితో ఒకటి పరీక్షించాలి. కాగితాలు దస్త్రాలయంలో ఇంకా కొంతకాలం ఉంటాయి. జ్ఞాపకాలు మాత్రం మనుషులతోపాటే వెళ్లిపోతాయి. కాబట్టి ముందుగా వినవలసింది మనుషులనే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. జార్జ్ యువర్ట్ ఎవాన్స్ కృషి హాస్కిన్స్ కృషికి ఏ విధంగా భిన్నమైనది?
2. సగంపూట పద్ధతి దీర్ఘకాలం కొనసాగడానికి కారణాలు తెల్పండి.
3. బడి దినచర్య పుస్తకాన్ని కూడా ఎందుకు విమర్శనాత్మకంగా చదవాలి?
4. మీకు తెలిసిన ఒక వృద్ధురాలి లేదా వృద్ధుడి బాల్యాన్ని గురించి రెండు పుటలు రాసి, అందులోని ఏదైనా ఒక అంశాన్ని మరొక ఆధారంతో పోల్చండి.