షోలాపురపు నేతపేటలలో ఇల్లు: మగ్గపు గుంట మొదలు కుంభారి దాక

షోలాపుర నగరపు తూర్పు భాగమున తిరుగువారికి కొంతం చౌక్, కన్నా చౌక్ అను పేళ్లు తరచుగా వినబడును. ఇవి పద్మశాలీలలో ఇంటిపేళ్లుగా వ్యవహారమున నున్నవి. మరాఠీ నగరమున ఒక కూడలికి తెలుగు ఇంటిపేరు నిలిచినదన్నచో మనవారికి గర్వము కలుగుట సహజమే. అయితే ఈ పేటల చరిత్రను పరిశీలించిన కొలది మరియొక సంగతి తోచును. ఇచ్చట ఇంటిపేరు గలవారు వేలకొలది. తనదని చెప్పుకొనదగిన ఇల్లు గలవారు మాత్రము చాలకాలము కొలదిమందియే. ఆ ఇల్లు ఎట్లు దొరకినది, ఎవరివలన దొరకినది, అందు వృద్ధులకు చోటెంత యను ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

నిజాము రాజ్యములోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములనుండి పద్మశాలీలు షోలాపురమునకు వచ్చుట ఒక్కనాటి పని కాదు. కొందరు మిల్లులు పుట్టకమునుపే వచ్చి స్థిరపడిరి. 1860లో రైలు వచ్చినది. 1877లో మొదటి నూలు మిల్లు పని చేయనారంభించెను. దానినే పిమ్మట జనులు జూనీ మిల్లనిరి. చేరువనే నూలు, చేరువనే సంత, రైలుద్వారా దూరపు బేరము అను మూడు సౌకర్యములు ఒక్కచోట కూడినవి. ఆవల స్వగ్రామములలో మిల్లు గుడ్డ వచ్చి చేతి గుడ్డకు గిరాకి తగ్గుచుండెను. 1876–78 నాటి కరవు దక్కనునంతటిని పీడించినది. ఇట్టి స్థితిలో నేతగాడు కదలక ఏమి చేయును? ఒక కుటుంబము వచ్చి కుదురుకొన్న పిదప దాని వెనుక చుట్టములు వచ్చిరి. ఊరి పేరు చెప్పినంతనే ఒకరికొకరు తావిచ్చుకొనిరి.

తావు అన్న మాట ఇక్కడ జాగ్రత్తగా గ్రహింపవలెను. గుంట మగ్గమునకు నేలలో గొయ్యి కావలెను. నేతగాడు గొయ్యి అంచున కూర్చుండి కాళ్లు లోనికి దించి క్రింది కర్రలను త్రొక్కును. కనుక మేడమీది గది వానికి పనికిరాదు. మన్ను నేల, తగినంత పొడవు, దారము తెగిపోకుండుటకు కొంత చల్లదనము ఉండవలెను. పడుగు సిద్ధము చేయుటకు ఇంటి ముందరి వీథియే ఆధారము. ఇంట స్త్రీలు కండెలు చుట్టుదురు, పిల్లలు దారములందింతురు, కన్ను మందగించిన ముసలివాడు చిక్కులు విప్పును. ఇంట ఏది పని, ఏది కాపురము అని విడదీయుట కుదరదు. నేటి పట్టణ నిర్మాణ శాస్త్రజ్ఞులు నివాసమునకు ఒక ప్రాంతము, పరిశ్రమకు మరియొక ప్రాంతమని పటము గీయుదురు. ఆ పటము నేతగాని కొంపలోనికి ప్రవేశింపలేదు.

ఈ కలయికకు ఒక చీకటి ప్రక్కయు కలదు. షోలాపురపు చేతిమగ్గముల కార్ఖానాలలో యజమానివద్ద ముందుగా అప్పు తీసికొని, ఆ కార్ఖానాలోనే కుటుంబముతో కాపురముండి నేయు కార్మికులుండెడివారు. వారిని 'ఆసామి' యనెడివారు. తెలుగుదేశమున ఆసామి యన్నచో భూవసతి గలవాడు, ఉన్నవాడు అని అర్థము. షోలాపురమున అదే మాట గోడయు గుంటయు కూడ పరులవే యైన మనుష్యునికి చెల్లినది! అతడు నేయునంతకాలము ఇల్లు కలదు. చేయి ఆడనినాడు, లేదా యజమానితో మాట పట్టింపు వచ్చిననాడు, పనియు ఇల్లును ఒక్కసారిగా పోవును. భార్యాబిడ్డల శ్రమయు ఆ అప్పు క్రిందనే జమయగుచుండెను. షోలాపుర నేతపని కులముల స్థితిని గూర్చి కాకడే గారు చేసిన పరిశీలనను పుణ్యపురి గోఖలే సంస్థ 1947లో ప్రకటించినది; ధనంజయరావు గాడ్గీళ్ గారి నగర పరిశోధన 1965లో గ్రంథరూపమున వెలువడినది. మన పేటల చరిత్ర వ్రాయదలచు యువకులు ఈ రెంటిని తప్పక చూడవలెను. మనవారిని గూర్చి మనకంటె ముందుగా ఇతరులు శ్రద్ధతో లెక్కలు కట్టిరన్నది కొంత సిగ్గుపడదగిన విషయమే.

మరమగ్గములు వచ్చిన పిదప స్థితి మారెను గాని మూలసూత్రము మారలేదు. మనవారు సాంచెలని పిలుచు ఈ యంత్రములు మన్ను గుంటను పూడ్చి గచ్చు నేలను కోరినవి. మిగులుబాటు గలవారు రెండు నాలుగు సాంచెలు కొని ఇంటనే నాటుకొనిరి. క్రింద సాంచెలు, మీద కాపురము; లేదా ముందు గదిలో సాంచెలు, వెనుక వంట. పగలు రాత్రి యను భేదము లేక వినవచ్చు ఆ చప్పుడుకు శిశువులు నిద్రించుట నేర్చుకొనిరి, వృద్ధులు బిగ్గరగా మాటలాడుట నేర్చుకొనిరి. షోలాపురపు దుప్పటియు తువ్వాలయు ఖ్యాతి గాంచి భౌగోళిక గుర్తింపును పొందినవి. ఆ ఖ్యాతి వెనుక ఈ ఇరుకు గదుల చరిత్ర కలదు.

ఈ ఇరుకు కేవలము అసౌకర్యమే కాదని 2025 మే 18వ తేదీన తెలియవచ్చెను. అక్కల్‌కోట రస్తామీది పారిశ్రామిక వాడలోని ఒక తువ్వాళ్ల కార్ఖానాలో వేకువజామున మంటలు లేచి ఎనమండుగురు మరణించిరి. యజమాని, ఆయన కుటుంబము, పనివారు ఆ కట్టడముననే నివసించుచుండిరి. మృతులలో ఏడాదిన్నర పసివాడును కలడు. యజమానియు కార్మికుడును ఒకే కప్పు క్రింద నిద్రించి ఒకే పొగలో చిక్కిరి. నూలు, తువ్వాళ్లు ఉన్నచోట నిప్పురవ్వ ఎంత వేగముగ వ్యాపించునో నేతవారికి చెప్పనక్కరలేదు. పని చేయు చోటనే పండుకొను అలవాటు పేదరికమువలన పుట్టినదే యైనను, కలిమి వచ్చిన పిదప కూడ అది వదలలేదన్న సంగతి గమనింపవలెను.

ఇక సొంత ఇంటి కథ. ఆశ్చర్యమేమనగా, ఇచ్చటి తెలుగువారికి పెద్దయెత్తున ఇండ్లు సంపాదించి పెట్టినది మగ్గము కాదు, బీడీ. పురుషుడు మిల్లుననో సాంచెలమీదనో పని చేయుచుండగా స్త్రీ ఇంట కూర్చుండి బీడీలు చుట్టెను. బ్రాంచికి పోయి తునికాకు, తంబాకు తెచ్చి, ఆకు నానబెట్టి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి మరల బ్రాంచిలో అప్పగింపవలెను. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినపుడు అనేక కుటుంబములను నిలిపినది ఈ ఆదాయమే. 1966 నాటి బీడీ కార్మికుల చట్టము, 1976 నాటి సంక్షేమనిధి చట్టము వలన ఆమెకు ఒక గుర్తింపు కలిగెను. అంతవరకు ఇంటిపనిగా ఎంచబడినది కార్మికవృత్తిగా కాగితముపైకి ఎక్కినది. ఆ కాగితమే పిమ్మట ఇంటికి పునాదిరాయి యైనది.

శాసనసభ్యుడుగా పలుమార్లు ఎన్నికైన మార్క్సిస్టు నాయకుడు నర్సయ్య ఆడం గారు ఈ స్త్రీలను సంఘటితపరచి గృహనిర్మాణ సహకార సంఘమును నిలిపిరి. ఠాణా జిల్లా వార్లీల ఉద్యమ నాయకురాలు గోదావరీ పరులేకర్ పేర ఆ సంఘము వెలసినది. నగరమునకు వెలుపల అక్కల్‌కోట మార్గమున కుంభారి గ్రామమువద్ద 10,000 ఇండ్లు లేచినవి. 2006 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగు వచ్చి వానిని అప్పగించిరి. ఖర్చులో కొంత కేంద్రము, కొంత రాష్ట్రము భరింపగా, తక్కినది కార్మికురాలు తన వంతుగా చెల్లించెను. మీనాక్షీ సానే పేర మరియొక సంఘము 1,600 ఇండ్లు కట్టించినది. రాజకీయాభిప్రాయములు ఎవరివి వారికుండును. కాని పదివేలమంది స్త్రీలు తమ చేతి సంపాదనతో ఇంటి హక్కుదారులగుట మన సమాజ చరిత్రలో చిన్న విషయము కాదు. అంతకుముందు ఈ పేటలలో ఇల్లన్నచో తాతదో, తండ్రిదో, షావుకారుదో. ఆమెది అనుట క్రొత్త.

ఇదే కుంభారిలో అసంఘటిత కార్మికులకై రే నగర్ అను మరింత పెద్ద పథకము చేపట్టిరి. మొత్తము 30,000 ఇండ్లు. ప్రధాని నరేంద్ర మోదీ 2019 జనవరి 9న శంకుస్థాపన చేసి, 2024 జనవరి 19న 15,000 ఇండ్లను అప్పగించిరి. మరమగ్గపు కార్మికులు, బీడీ కార్మికులు, చిత్తు కాగితములేరువారు, బండ్లు నడుపువారు ఇందు లబ్ధిదారులు. పార్టీలు వేరైనను పథకము సాగుట మెచ్చదగినది.

అయినను కొంతం చౌక్ ప్రాంతపు గదిలో పుట్టి పెరిగిన వారికి కుంభారి దూరము మైళ్లతో మాత్రమే కొలువదగినది కాదు. పేటలో తలుపు తెరచినచో అరుగు. అరుగునకెదురుగా తెలుగు మాట. మందులకు, దేవునికి, పాల అంగడికి నడచి పోవచ్చును. నారళీ పున్నమనాడు మార్కండేయుని రథము వచ్చునపుడు ముసలివారు వాకిట నిలిచియే దర్శించుకొందురు. క్రొత్త కాలనీలో గోడలు దృఢముగా నున్నవి, హక్కు కాగితము కలదు, గాలి కలదు. బస్సు ఎక్కలేనివానికి మాత్రము అవన్నియు కలిగియు లోకము కుంచించుకొనిపోవును. పదివేల ఇండ్ల కాలనీలో ఇండ్లు నేలమీదనే యుండుటచే గడప దాటిన వీథి. రే నగర్‌లో అంతస్తుల భవనములు. మోకాళ్లు పట్టిన వృద్ధురాలికి పై అంతస్తు లభించినచో ఆమెకు దక్కినది సగము ఇల్లే. ఏండ్లతరబడి నేలపై కూర్చుండి ఆకు చుట్టినవారి నడుము, మోకాళ్లు ఎట్లుండునో ఇంజనీరునకు తెలియకపోవచ్చును, సంఘమునకు తెలియును. క్రింది అంతస్తు ఇండ్లను వృద్ధులకు ముందుగా కేటాయింపుడని అడుగుటకు ధనముతో పని లేదు.

ఈ సందర్భమున ఒక విదేశీయ దృష్టాంతము. జర్మనీలోని ఔగ్స్‌బర్గు నగరమునకు 1367లో హాన్స్ ఫుగ్గరు అను నేతగాడు పల్లెనుండి వలస వచ్చెను. అతని మనుమడు యాకోబు ఐరోపాలోకెల్ల పేరుపొందిన ధనికుడై, 1521లో ఆ నగరపు పేదలకై ఒక పేటనే ధర్మముగా కట్టించెను. దాని పేరు ఫుగ్గరై. నేటికిని అందు జనులు నివసించుచున్నారు; సాలీనా అద్దె ఒక్క రైన్ గిల్డరు, అనగా 88 యూరో సెంట్లు. ప్రతి నివాసమునకు వీథివైపు తన సొంత తలుపు కలదు. చీకటిలో ఎవరి వాకిలి వారు తడిమి గుర్తించుకొనుటకై ఒక్కొక్క గంట పిడిని ఒక్కొక్క ఆకారమున చేయించిరట! నేతగాని వంశమువారు నగరము నడుమనే, ఇరుగుపొరుగునకు దూరము గాకుండ ఇట్టి ఏర్పాటు చేయుట మన కార్ఖానాదారులు ఆలోచింపదగిన విషయము. షోలాపుర పద్మశాలి సమాజము పాఠశాలలను, కళాశాలను, మార్కండేయ సహకార ఆసుపత్రిని నిలుపగలిగినది. అట్టి శక్తికి పేటలో మూతపడిన ఒక సాంచెల షెడ్డును పదిమంది వృద్ధుల నివాసముగా మార్చుట అసాధ్యము కాదు. నేల గచ్చుగలది; మెట్లు లేవు; కప్పు ఎత్తు. వలసినవి కిటికీలు, మరుగుదొడ్లు, ఒక వంటగది, మంటనుండి తప్పించుకొను రెండవ ద్వారము.

ప్రభుత్వము చేయదా అను ప్రశ్న వచ్చును. తలిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము 2007లో వచ్చినది. నిరాశ్రయ వృద్ధులకై జిల్లాకు కనీసము ఒక్కటియైన, 150 మందికి చాలిన వృద్ధాశ్రమమును రాష్ట్రములు నెలకొల్పవచ్చునని దాని 19వ ప్రకరణము చెప్పుచున్నది. 'వచ్చును' అనినదే గాని 'వలెను' అనలేదు. షోలాపురము వంటి విశాలమైన జిల్లాకు నూటయేబది పడకలు ఏ మూలకు? పైగా ఆశ్రమమునకు పోవుటను మనవారు అవమానముగా నెంతురు. బిడ్డలు లేనివారు, లేక బిడ్డలు పుణ్యపురికో సూరత్తునకో వలసపోయినవారు మాత్రము ఆ అవమానమును లెక్కించు స్థితిలో లేరు.

అదే చట్టపు 23వ ప్రకరణము మనవారికి మరింత ముఖ్యము. వృద్ధుడు తన ఆస్తిని తన్ను పోషింపవలెనను షరతుతో ఇచ్చి, పుచ్చుకొన్నవారు పోషింపకున్నచో, ఆ బదిలీని రద్దు చేయించుకొనవచ్చును. ఆ షరతు ఉండి తీరవలెనని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో తీర్పు చెప్పినది. 2025 జనవరిలో వేరొక వ్యాజ్యమున ఈ చట్టమును వృద్ధుల మేలు కోరి ఉదారముగా అన్వయింపవలెనని చెప్పినది. కాబట్టి షరతును స్పష్టముగా వ్రాయించుకొన్నవారికి భయము తక్కువ. బీడీ చుట్టి ఇల్లు సంపాదించిన తల్లి, వయసు మీరిన పిదప కొడుకుపేర వ్రాయునపుడు, ఆ ఒక్క వాక్యము పత్రమున నుండవలెనని ఎవరు చెప్పుదురు? పత్రము మరాఠీలో నుండును. ఆమె మాటలాడునది తెలుగు. సంతకము చాలమారులు వ్రేలిముద్ర. ఆ పత్రమును ఆమెకు తెలుగున చదివి వినిపించి, పిమ్మట వ్రేలు అద్దించుటకు వారమునకొక్కనాడు కొంతం చౌక్‌లో ఒక బల్లయు, ఇద్దరు చదువరులును ఉన్నచో చాలును.