ఉత్తేజక మత్తు వ్యసనానికి ప్రోత్సాహక చికిత్స

మత్తు జోలికి పోలేదని మూత్రపరీక్షలో తేలిన ప్రతిసారీ రోగికి అక్కడికక్కడే ఏదో ఒక బహుమతి ఇచ్చే పద్ధతి ఇది. వైద్యులు కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అంటారు. హెరాయిన్ వ్యసనానికి బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి. కొకైన్, మెథాంఫెటమైన్ వంటి ఉత్తేజకాలకు అలాంటి ఆమోదిత మందేదీ లేకపోవడంతో ఈ పద్ధతికి ప్రాధాన్యం వచ్చింది.

ఫలం దక్కిన పనిని ప్రాణి మళ్లీ చేస్తుందన్న మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ సూత్రమే దీనికి పునాది. 1990ల మొదట్లో అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ దీన్ని కొకైన్ రోగులకు అన్వయించాడు. మొదటి శుభ్రమైన నమూనాకు 2.50 డాలర్ల విలువైన వోచర్, ఆ తర్వాత ప్రతిదానికీ 1.25 చొప్పున పెంపు, వరుసగా మూడు శుభ్రంగా వస్తే మరో 10 డాలర్లు. ఒక్కసారి తప్పితే వైకుంఠపాళిలో పాము నోట పడ్డట్టే, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అప్పటిదాకా సంపాదించింది మాత్రం పోదు. 1994 నాటి అధ్యయనంలో 24 వారాల చికిత్స పూర్తిచేసినవారు వోచర్లు పొందినవారిలో 75 శాతం, పొందనివారిలో 40 శాతం.

ఖర్చు తగ్గించడానికి కనెటికట్‌లో నాన్సీ పెట్రీ 2000 ప్రాంతంలో లాటరీ పద్ధతి తెచ్చింది. గిన్నెలోంచి చీటీ తీయాలి; సగం చీటీల మీద మెచ్చుకోలు మాటే ఉంటుంది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు 2011లో, కాలిఫోర్నియా ప్రభుత్వం 2023లో ఈ చికిత్సను చేపట్టాయి.

మత్తు మానడానికి లంచమా అన్న ఆక్షేపణ మొదటినుంచీ ఉంది. అది పసలేని వాదన. మత్తు సుఖం క్షణాల్లో అందుతుంది, మానినందుకు దక్కే ఆరోగ్యం నెలలకు గానీ తెలియదు. ఆ మధ్యకాలాన్ని వోచర్ నింపుతుంది. వార్డులో మత్తు దొరకదు. డిశ్చార్జి అయ్యాక పాత స్నేహాలు, పాత అడ్డాలు ఎదురవుతాయి గనుక దీని అవసరం అప్పుడే ఎక్కువ.

తెలుగు నేలకు దగ్గర్లో ఇలాంటి ప్రయత్నం చెన్నైలో జరిగింది. అక్కడ ఉత్తేజకాలకు కాదు, మాదకద్రవ్యాలు వాడే 120 మంది హెచ్‌ఐవీ రోగులను చికిత్సలో నిలపడానికి ఆహార, గృహోపకరణ వోచర్లు ఇచ్చి చూశారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం మందులు మొదలుపెట్టినవారు, క్రమం తప్పక వచ్చినవారు పెరిగారు. వైరస్ అదుపులో మాత్రం తేడా రాలేదు.

ఉత్తేజకాల జాడ మూత్రంలో సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులే ఉంటుంది. అందుకే వారానికి రెండు మూడుసార్లు పరీక్ష తప్పదు. ఉదాహరణకు, అమలాపురం రోగి అందుకోసం కాకినాడ ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలంటే సుమారు 60 కిలోమీటర్లు, రైలు లేదు, యానాం మీదుగా బస్సే గతి. చిన్న వోచర్ బస్సు ఛార్జీకే సరిపోతుంది. పరీక్షపట్టీ నిమిషాల్లో ఫలితం చెబుతుంది, దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. అమలాపురంలోనే వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, పరీక్ష అక్కడే జరపవచ్చు.